దాణాలో సహజ ఖనిజాలు ఎంతవరకు భద్రం? తరచుగా అడిగే ప్రశ్నలు

సంచి మీద ‘సహజం’ అని రాసి ఉంది. ఇంకా పరీక్షలెందుకు?

ఆ మాట పొడి ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, ఫ్లోరిన్ కూడా భూమిలో సహజంగా దొరికేవే. సున్నపురాయి, ఫాస్ఫేట్ రాయి, బంకమట్టి ఏర్పడేటప్పుడు అవీ ఆ పొరల్లోనే చిక్కుకుంటాయి.

1997లో అమెరికాలో కోడిమాంసంలో డయాక్సిన్లు అనే, కొవ్వులో పేరుకునే విష రసాయనాలు బయటపడ్డాయి. ఎక్కడి నుంచి వచ్చాయని వెనక్కి వెతుక్కుంటూ పోతే, సోయా చెక్క గడ్డకట్టకుండా అందులో కలిపిన బాల్ క్లే అనే బంకమట్టి దగ్గర తేలింది. అది మిసిసిపి రాష్ట్రంలోని గని నుంచి తవ్వింది. అందులో ఏ ఫ్యాక్టరీ వ్యర్థమూ కలవలేదు, డయాక్సిన్లు మట్టి పొరలోనే ఉన్నాయి. అదే దాణా తిన్న పెంపకపు క్యాట్‌ఫిష్ చేపల్లోనూ అవే దొరికాయి. 2004లో నెదర్లాండ్స్‌లో ఇలాంటిదే జరిగింది. బంగాళాదుంపలను నీళ్లలో తేల్చి వేరుచేయడానికి కయోలిన్ మట్టి వాడారు, ఆ తొక్కలు పశువులకు వెళ్లాయి, చివరికి పాలలో డయాక్సిన్ కనబడింది. అక్కడ ఆ మట్టిని దాణాలో వేయాలని ఎవరూ అనుకోనే లేదు.

కాబట్టి అడగాల్సినవి మూడు: ఏ గని నుంచి వచ్చింది, ఎంత శాతం కలుపుతున్నాం, ఏ పశువుకు పెడుతున్నాం. ఈ మూడింట్లో ఏది మారినా భద్రత లెక్క మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి.

అసలు దాణాలో ఏయే ఖనిజాలు వేస్తారు?

కాల్షియం కోసం సున్నపురాయి పొడి, గుల్ల పొడి. భాస్వరం కోసం ఫాస్ఫేట్ రాయి నుంచి తయారైన డైకాల్షియం ఫాస్ఫేట్, అంటే డీసీపీ. మెగ్నీషియం కోసం మాగ్నసైట్‌ను కాల్చి తీసిన మెగ్నీషియం ఆక్సైడ్. సోడియానికి ఉప్పు. బూజు విషాలను పట్టుకోవడానికి, గుళికలు గట్టిగా రావడానికి బెంటోనైట్, జియోలైట్, కయోలిన్. పొడి గడ్డకట్టకుండా డయాటమ్ మట్టి, అంటే సూక్ష్మమైన నాచు గుల్లలతో ఏర్పడిన సిలికా పొడి. జింక్, రాగి, మాంగనీస్, సెలీనియం వంటి సూక్ష్మ ఖనిజాలు చాలావరకు రసాయన లవణాలుగానే వస్తాయి. వాటి మీద ‘సహజం’ అని రాస్తే అనుమానంగానే చూడండి.

ఏ ఖనిజంలో ఏ మలినం కోసం వెతకాలి?

పరీక్ష ఖర్చు దండగ కాకుండా ఉండాలంటే ఇది తెలియాలి. అన్నింటిలో అన్నీ వెతకనక్కర్లేదు.

ఫాస్ఫేట్లలో మొదట ఫ్లోరిన్, ఆ తర్వాత కాడ్మియం. సున్నపురాయిలో సీసం, ఆర్సెనిక్, ఎంత మెగ్నీషియం ఉందన్నది. బంకమట్లలో సీసం, డయాక్సిన్లు, క్వార్ట్జ్. జియోలైట్‌లో సీసంతో పాటు నారపోగుల్లాంటి ఖనిజాలు. టాల్క్, వర్మిక్యులైట్, సెపియోలైట్ అనే ఖనిజాలు వాడితే వాటిలో ఆస్‌బెస్టాస్ (పీల్చితే క్యాన్సర్ తెచ్చే నారపోగుల ఖనిజం) లేదన్న ధ్రువపత్రం కావాలి. జింక్ ఆక్సైడ్, జింక్ సల్ఫేట్‌లలో కాడ్మియం, ఎందుకంటే ఖనిజంలోనే ఆ రెండూ జంటగా ఉంటాయి. తుక్కు లోహాన్ని కరిగించి తీసిన జింక్, రాగి లవణాల్లో డయాక్సిన్లూ ఉండొచ్చు.

ఇంకో దారి కూడా ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. గనిలో శుభ్రంగా ఉన్న మట్టిని రంగులేసిన చెక్క, ప్లాస్టిక్ మండించిన పొగ నేరుగా తగిలేలా ఆరబెడితే డయాక్సిన్లు అక్కడ అంటుకుంటాయి. అందుకే ‘ఎలా ఆరబెట్టారు, ఏ ఇంధనం వాడారు’ అన్నది కూడా సరఫరాదారుణ్ణి అడగాల్సిన ప్రశ్నే.

పరీక్ష నివేదికలో సీసం 10 పీపీఎం అని వచ్చింది. సరుకు పారెయ్యాలా?

పారెయ్యకముందు గుణించి చూడండి. పీపీఎం అంటే కిలోకు మిల్లీగ్రాము. ఒక శాతం అంటే 10,000 పీపీఎం.

గుడ్లుపెట్టే కోళ్ల దాణాలో సున్నపురాయి 9 శాతం వేస్తున్నారనుకుందాం. 10 పీపీఎం సీసాన్ని 0.09తో గుణిస్తే దాణాలోకి వచ్చేది 0.9 పీపీఎం. అదే 10 పీపీఎం ఉన్న బెంటోనైట్‌ను 0.5 శాతమే వేస్తే దాణాకు చేరేది 0.05 పీపీఎం. అంకె ఒకటే అయినా పశువు నోట్లోకి వెళ్లేది పద్దెనిమిది రెట్లు తేడా. మిగతా దినుసుల నుంచి వచ్చే సీసాన్ని కూడా కలిపి, మొత్తాన్ని పూర్తి దాణా పరిమితితో పోల్చాలి.

యూరోపియన్ యూనియన్ 2002 నాటి 32వ నంబరు ఆదేశం, దాని సవరణలు చాలా దేశాల్లో కొలమానంగా చూసుకుంటారు. అందులో పూర్తి దాణాకు సీసం 5, ఆర్సెనిక్ 2, పాదరసం 0.1 పీపీఎం పరిమితులు. సున్నపురాయికి సీసం 20, ఆర్సెనిక్ 15. ఫాస్ఫేట్లకు సీసం 15, కాడ్మియం 10, ఫ్లోరిన్ 2,000. కోళ్లు, పందుల పూర్తి దాణాకు కాడ్మియం 0.5. మీ దేశపు అంకెలు వేరైతే వాటినే పాటించాలి.

ఒక హెచ్చరిక. లెక్కలో దాణా పరిమితి లోపలే ఉంది కదా అని, ఖనిజానికి విడిగా పెట్టిన పరిమితి దాటిన సరుకును కొద్దికొద్దిగా కలిపేసి ‘పల్చన’ చేయకూడదు. చాలా చట్టాలు దాన్ని ఒప్పుకోవు. పైగా కలపడంలో చిన్న తేడా వచ్చినా కొన్ని పశువులకే మోతాదంతా చేరుతుంది.

రెండు ల్యాబులు ఒకే సాంపుల్‌కు రెండు అంకెలిచ్చాయి. ఏది నమ్మాలి?

రెండూ నిజం కావచ్చు. బంకమట్టిని గాఢ ఆమ్లాల్లో పూర్తిగా కరిగించి కొలిస్తే ఖనిజ స్ఫటికంలో బందీగా ఉన్న సీసం కూడా లెక్కకొస్తుంది. 5 శాతం నైట్రిక్ ఆమ్లంలో అరగంట మరిగించి కొలిస్తే విడుదలయ్యేది మాత్రమే వస్తుంది. సీసం, కాడ్మియంలకు యూరప్ పరిమితులు ఈ రెండో పద్ధతికి రాసినవి. నివేదికలో పద్ధతి పేరు లేకపోతే ల్యాబుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే పోల్చండి.

సున్నపురాయి పొడి ఏదైనా ఒకటేనా? గోడలకు వేసే సున్నం సంగతేమిటి?

కాదు. దాణాకు కావాల్సింది కాల్చని రాయి పొడి, అంటే కాల్షియం కార్బనేట్. మంచి రకంలో కాల్షియం 38 శాతం దాకా ఉంటుంది. కాల్చిన సున్నం, నీళ్లు పోసి చల్లార్చిన సున్నం ఘాటైన క్షారాలు. నోరు, గొంతు, కడుపు పొరలను కాల్చేస్తాయి. ‘చిటికెడే కదా’ అని కూడా వేయకూడదు.

పొలాల్లో ఆమ్లత్వం తగ్గించడానికి చల్లే రాయి పొడిలో డోలమైట్ ఉండొచ్చు. డోలమైట్‌లో కాల్షియం 22 శాతం దరిదాపుల్లోనే, మెగ్నీషియం 13 శాతం. కోళ్లకు పెడితే రెట్ట పల్చబడుతుంది, గుడ్డు పెంకు బలం తగ్గుతుంది. ఇంట్లోనే ఒక గుర్తు చూడొచ్చు. చెంచా పొడి మీద వెనిగర్ పోస్తే సున్నపురాయి బుసబుసా పొంగుతుంది, డోలమైట్ నెమ్మదిగా, నీరసంగా పొంగుతుంది. అడుగున కరగకుండా ఇసుక మిగిలితే సిలికా ఎక్కువన్నమాట. ఇది రకం పోల్చుకోవడానికే. సీసం ఉందో లేదో వెనిగర్ చెప్పదు.

ఎరువుల ఫాస్ఫేట్ చవగ్గా వస్తుంది. డీసీపీ బదులు వేస్తే?

వేయకూడదు. దాణా ఖనిజాల్లో జరిగే తప్పుల్లో ఇది అన్నింటికన్నా ఖరీదైనది, ఎందుకంటే నష్టం నెలల తర్వాత గానీ కనబడదు.

ముడి ఫాస్ఫేట్ రాయిలో ఫ్లోరిన్ 3 నుంచి 4 శాతం ఉంటుంది. 3.5 శాతం ఉన్న రాయిని దాణాలో ఒక్క శాతం కలిపినా 350 పీపీఎం ఫ్లోరిన్ చేరుతుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2005లో ఇచ్చిన సహనపు హద్దు ఆవులకు 40, గొర్రెలకు 60, పందులకు, కోళ్లకు 150 పీపీఎం. దాణా రకం ఫాస్ఫేట్‌లో ఫ్లోరిన్ తొలగిస్తారు. అక్కడ పాటించే సూత్రం ఏమిటంటే, 100 పాళ్ల భాస్వరానికి ఫ్లోరిన్ 1 పాలు మించకూడదు. 18 శాతం భాస్వరం ఉన్న డీసీపీలో ఫ్లోరిన్ 0.18 శాతం లోపు ఉండాలి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువుల్లో ఇంత జాగ్రత్త తీసుకోరు.

ఫ్లోరిన్ ఎముకల్లో పేరుకుంటుంది. దూడ వయసులో, దంతాలు చిగురు కింద తయారవుతున్నప్పుడు అందితే వచ్చే పళ్లు మచ్చలతో, గారతో వచ్చి త్వరగా అరిగిపోతాయి. పెద్ద పశువులకు కాళ్ల ఎముకలు మందమై కుంటుతాయి, నీళ్లు చల్లగా ఉంటే తాగడానికి జంకుతాయి. పశువు తాగే బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఖనిజానికి మిగిలే హద్దు ఇంకా తగ్గుతుంది.

లేయర్ దాణా మిగిలింది. ఎదిగే పెట్టలకు పెట్టొచ్చా?

వద్దు. గుడ్లుపెట్టే కోడికి దాణాలో కాల్షియం 3.5 నుంచి 4.2 శాతం కావాలి. ఎదిగే పెట్టకు 1 శాతం చుట్టూ చాలు. మిగులు కాల్షియాన్ని బయటికి పంపలేక మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రనాళాల్లో రాళ్లు, గుండె మీద, కాలేయం మీద తెల్లటి సుద్దలాంటి పొర ఏర్పడతాయి. అన్నీ ఒకేసారి చావవు. రోజుకొకటి రెండు పోతూ ఉంటాయి, అందుకే కారణం తట్టడానికి ఆలస్యమవుతుంది.

గుడ్లు పెట్టే దశలో మాత్రం పరిమాణంతో పాటు రవ్వ సైజూ ముఖ్యం. సున్నపురాయిలో సగం నుంచి మూడింట రెండు వంతులు 2–4 మి.మీ. రవ్వగా ఉంటే అది కందనకాయలో నిలిచి, పెంకు తయారయ్యే రాత్రి వేళ మెల్లగా కరుగుతుంది. అంతా మెత్తటి పొడే అయితే సాయంత్రానికే దాటిపోతుంది.

ఆవుల మినరల్ మిక్చర్ గొర్రెలకు పెడితే ఏమవుతుంది?

రాగి విషం. గొర్రె కాలేయం రాగిని పట్టుకుని వదలదు. ఆవుకు 40 పీపీఎం దాకా తట్టుకునే శక్తి ఉంటే గొర్రెకు 15 పీపీఎం దగ్గరే హద్దు. అది కూడా మేతలో మాలిబ్డినం, గంధకం మామూలుగా ఉన్నప్పుడు. మాలిబ్డినం తక్కువున్న చోట అంతకన్నా తక్కువ రాగితోనే ముప్పు వస్తుంది.

లెక్క చూడండి. కిలోకు 1,000 మి.గ్రా. రాగి ఉన్న మిక్చర్‌ను దాణాలో 2 శాతం వేస్తే అదొక్కటే 20 పీపీఎం. మేతలో ముందే ఉన్న రాగి దానికి అదనం.

వారాలు, నెలల పాటు గొర్రె నిక్షేపంలా కనబడుతుంది. ఆ తర్వాత ప్రయాణం, చలి, మేత మార్పు లాంటి ఏదో ఒత్తిడి తగలగానే కాలేయం రాగిని ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తుంది. ఎర్ర రక్తకణాలు పగులుతాయి, కళ్లు పసుపెక్కుతాయి, మూత్రం ముదురు ఎరుపు రంగులో వస్తుంది. చాలావరకు ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మేకలు ఇంతకన్నా కొంచెం తట్టుకుంటాయి గానీ, ఒకే దొడ్లో రెండూ ఉంటే గొర్రె హద్దునే పాటించండి. పందులు, కోళ్ల దాణా మిగులు కూడా గొర్రెలకు వేయొద్దు. వాటిలో రాగి ఇంకా ఎక్కువుండొచ్చు.

బెంటోనైట్ కలిపితే బూజు పట్టిన గింజలు, చెక్క వాడేయొచ్చా?

బెంటోనైట్ బూజును చంపదు. అందులోని మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజపు పొరల మధ్య అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఇరుక్కుని రక్తంలోకి పోకుండా పేడలోకి పోతుంది, అంతే. మంచి రకాన్ని టన్నుకు 5 నుంచి 10 కిలోలు వేస్తే అఫ్లాటాక్సిన్ భారం బాగా తగ్గుతుంది. యూరప్‌లో పూర్తి దాణాకు అనుమతించిన గరిష్ఠం టన్నుకు 20 కిలోలు. అంతకు మించితే విషం తగ్గడం కన్నా దాణాలో పోషక సాంద్రత పడిపోవడమే ఎక్కువ.

రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇది అఫ్లాటాక్సిన్‌కే సరిగ్గా పనిచేస్తుంది. మొక్కజొన్న, గోధుమల్లో వచ్చే డీఆక్సినివలినాల్, జియరలినోన్, టీ-2 లాంటి విషాలను మామూలు బంకమట్టి దాదాపు పట్టుకోదు. రెండోది, పాడి ఆవు తిన్న అఫ్లాటాక్సిన్ బీ1లో 1 నుంచి 6 శాతం దాకా ఎం1 రూపంలో పాలలోకి వస్తుంది, ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఎక్కువగా. పాలలో ఎం1 హద్దు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రకారం కిలోకు 0.5 మైక్రోగ్రాములు, యూరప్‌లో 0.05. బెంటోనైట్ దాన్ని తగ్గిస్తుంది గానీ సున్నా చేయదు. కంటికి కనబడేంత బూజున్న సరుకును ఏ మట్టీ బాగుచేయలేదు.

కొనేటప్పుడు ‘బెంటోనైట్’ అన్న పేరు కాదు, స్మెక్టైట్ (మాంట్‌మోరిల్లొనైట్ చెందిన ఖనిజ వర్గం) ఎంత శాతమో అడగండి. విషం పట్టే రకానికి యూరప్ నియమం కనీసం 70 శాతం. డ్రిల్లింగుకు, పోతపోసే అచ్చులకు అమ్మే బెంటోనైట్ దాణా సరుకు కాదు.

ఈ మట్టి మందులను కూడా పట్టేస్తుందా?

కొన్నింటిని పట్టేస్తుంది. టైలోసిన్ వంటి మాక్రోలైడ్ యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా ఇస్తున్న రోజుల్లో బెంటోనైట్ ఆపాలి. కోళ్లలో కాక్సిడియోసిస్ రోగానికి ఇచ్చే రాబెనిడిన్ మందుతో కలిపి వాడకూడదు. టెట్రాసైక్లిన్‌లకు బంకమట్టి కన్నా కాల్షియం పెద్ద శత్రువు. ఎక్కువ సున్నపురాయి ఉన్న దాణాలో ఆ మందు కాల్షియంతో ముడిపడి సరిగా ఒంటికి అందదు. మందు రాసే డాక్టరుకు దాణాలో ఏయే మట్లు, ఎంతెంత ఉన్నాయో రాసివ్వండి. ‘మందు పనిచేయలేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంటుంది.

జియోలైట్‌లన్నీ ఒకటేనా?

కానే కావు. జియోలైట్ ఒక కుటుంబం పేరు. దాణాకు వాడేది క్లినాప్టిలొలైట్. అదే కుటుంబంలో ఎరియొనైట్ అనేది ఉంది, సూదుల్లాంటి పోగులతో ఉంటుంది. టర్కీలోని కప్పడోకియా ప్రాంతంలో కొన్ని గ్రామాల్లో ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌కు కారణం అదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి వర్గంలో పెట్టింది. ఈ రెండూ ఒకే గని పొరల్లో పక్కపక్కన ఉండొచ్చు.

యూరప్ నియమంలో దాణా రకం అవక్షేప క్లినాప్టిలొలైట్ కనీసం 80 శాతం ఉండాలి, బంకమట్టి 20 శాతం మించకూడదు, పోగులు, క్వార్ట్జ్ ఉండకూడదు. గరిష్ఠ మోతాదు టన్నుకు 10 కిలోలు. పోగులు లేవని తేల్చేది ఎక్స్-రే డిఫ్రాక్షన్, మైక్రోస్కోప్. సీసం పరీక్ష నివేదిక ఎంత శుభ్రంగా ఉన్నా దాని స్థానం తీసుకోలేదు.

డయాటమ్ మట్టి నులిపురుగుల మందుకు బదులవుతుందా?

అదుపుతో చేసిన ప్రయోగాల్లో నిలకడైన ఫలితం రాలేదు. కడుపులో తడిసిన పొడికి, పొడిగా ఉన్నప్పుడు పురుగుల పైపొరను గీకి ఆరబెట్టే గుణం ఉండదు. గడ్డకట్టకుండా వాడాలంటే అమెరికాలో అనుమతి దాణాలో 2 శాతం వరకు. ఈత కొలనుల ఫిల్టరుకు అమ్మే కాల్చిన రకం మాత్రం దొడ్లోకి తేవద్దు. కాల్చినప్పుడు అందులోని సిలికా క్రిస్టొబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. అది పీల్చితే ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఉప్పు కూడా విషమవుతుందా?

నీళ్లు ఆగిపోతే అవుతుంది. పందులు, కోళ్ల దాణాలో 0.25 నుంచి 0.5 శాతం ఉప్పు మామూలే. కానీ తొట్టి పైపు మూసుకుపోయి ఒకటి రెండు రోజులు నీళ్లందకపోతే ఆ మామూలు ఉప్పే మెదడుకు చుట్టుకుంటుంది. పందులు గుడ్డిగా గోడకు తల ఆన్చి నిలబడతాయి, గుండ్రంగా తిరుగుతాయి, ఫిట్స్ వస్తాయి.

అప్పుడు చేసే సహజమైన పొరపాటు, పైపు బాగుచేసి కడుపునిండా నీళ్లు వదలడం. మెదడు కణాల్లో పేరుకున్న సోడియం నీటిని లాక్కుని వాపు పెంచుతుంది, పశువు వెంటనే చనిపోతుంది. కొంచెం కొంచెంగా, పలుమార్లు నీళ్లిస్తూ డాక్టరును పిలవాలి.

గంధకం, నీళ్లు కలిసి ఏం చేస్తాయి?

జిప్సం, సల్ఫేట్ లవణాలు, కొన్ని మేతలు గంధకాన్ని తెస్తాయి. నీళ్లూ తెస్తాయి, దాన్ని ఎవరూ కలుపుకోరు. లీటరుకు 1,000 మి.గ్రా. సల్ఫేట్ ఉన్న నీళ్లు రోజుకు 60 లీటర్లు తాగే ఆవుకు సుమారు 20 గ్రాముల గంధకం చేరుతుంది. ఆ ఆవు 20 కిలోల పొడిమేత తింటుంటే అది 0.1 శాతంతో సమానం. దాణా ఎక్కువగా తినే పశువులకు మొత్తం హద్దు 0.3 శాతమే, గడ్డి ఎక్కువ తినేవాటికి 0.5. హద్దు దాటితే పొట్టలో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టి మెదడు దెబ్బతింటుంది. చూపు పోవడం, తల గోడకు నెట్టడం దాని గుర్తులు. అంతకన్నా ముందే గంధకం ఒంటికి రాగి, సెలీనియం అందకుండా చేస్తుంది.

సెలీనియం లాంటి కొద్ది మోతాదువి ఎలా కలపాలి?

చేత్తో, పారతో, నేల మీద మాత్రం కాదు. మేతకు కలిపే సెలీనియం అమెరికా నియమం ప్రకారం 0.3 పీపీఎం, అంటే టన్నుకు 0.3 గ్రాము. సోడియం సెలినైట్‌గా లెక్కిస్తే 0.66 గ్రాము, చిటికెడు కూడా కాదు. ఆ చిటికెడు ఒక మూలన ఉండిపోతే ఆ మూల దాణా తిన్న పశువుల వెంట్రుకలు రాలతాయి, గిట్టలు చిట్లుతాయి, లేదా నేరుగా చనిపోతాయి. ఆవులకు, గొర్రెలకు సహన హద్దు 5 పీపీఎం అని గుర్తుంటే అవసరానికీ విషానికీ మధ్య ఎంత ఇరుకో తెలుస్తుంది.

శుద్ధ లవణం కొనకండి. 0.1 శాతం సెలీనియం ఉన్న ముందు మిశ్రమం కొనండి, టన్నుకు 300 గ్రాములు వేస్తే సరిపోతుంది. ఆ 300 గ్రాములను ముందు 3 కిలోల తవుడులోనో సున్నపురాయి పొడిలోనో, దాన్ని 30 కిలోల దాణాలో బాగా కలిపి, అప్పుడు మిక్సర్‌లో వేయండి. మిక్సర్‌లో ముందు సగం పిండి పడాలి, తర్వాత మిశ్రమం, తర్వాత మిగతా సగం. ఖాళీ మిక్సర్ అడుగున పడేస్తే మూలల్లో ఇరుక్కుంటుంది. నూనె, బెల్లపు మడ్డి ఎప్పుడూ చివర్లోనే. లేకపోతే పొడి ఉండలు కడుతుంది.

మిక్సర్ సరిగా కలుపుతోందో లేదో తేల్చడానికి ఉప్పే సాక్షి. కలిపిన దాణాలో పది చోట్ల నుంచి పది సాంపుళ్లు తీసి ఉప్పు కొలిపించండి. ఆ పది అంకెల ప్రామాణిక విచలనాన్ని (అవి సగటు నుంచి ఎంత చెదిరాయన్న కొలతను) సగటుతో భాగిస్తే 10 శాతం లోపు వస్తే సరే. ఎక్కువైతే ముందు కలిపే సమయం పెంచి చూడండి, తర్వాత బ్లేడ్ల అరుగుదల, ఆపైన మిక్సర్ నిండుదనం. సరిగా కలిసిన దాణా కూడా ఎత్తు నుంచి పోసినప్పుడు, బండి కుదుపులకు మళ్లీ విడిపోతుంది. ఖనిజం బరువు, అడుగుకు దిగుతుంది. సంచి అడుగున మిగిలిన పొడిని ఒకే పశువుకు వేసే అలవాటు మానుకోవాలి.

పాలు, గుడ్లు, మాంసంలోకి ఏవి వస్తాయి?

డయాక్సిన్లు కొవ్వును వెతుక్కుంటాయి, కాబట్టి పాల వెన్న, గుడ్డు పచ్చసొన వాటి దారి. కాడ్మియం మూత్రపిండాల్లో, కాలేయంలో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. ముసలి పశువు మూత్రపిండంలో ఎక్కువ. సీసం ఎముకలో దాక్కుని, ఈనాక పాలకు కాల్షియం తోడుకునేటప్పుడు మళ్లీ కదులుతుంది. ఫ్లోరిన్ ఎముకకే పోతుంది, పాలలోకి వచ్చేది చాలా తక్కువ. పశువు ఆరోగ్యంగా కనబడటం ఇక్కడ రుజువు కాదు. పాలలో డయాక్సిన్ హద్దు దాటిన ఆవుకు ఏ లక్షణమూ ఉండకపోవచ్చు.

నాకుడు ఇటుకలు భద్రమేనా?

ఉప్పు ఎక్కువున్న ఇటుకను పశువు తానే హద్దులో నాకుతుంది, దగ్గర్లో నీళ్లుంటే. మొలాసిస్ కలిపిన తియ్యటి ఇటుకకు ఆ అడ్డు లేదు, ఆకలిగా ఉన్న పశువు కొరికి తినేస్తుంది. గొర్రెలున్న చోట రాగి లేని ఇటుకే వాడాలి.

సాంపుల్ ఎలా తీయాలి?

ఒక్క సంచి పైనుంచి పిడికెడు తీసిన సాంపుల్ ఆ పిడికెడు గురించే చెబుతుంది. వంద సంచులుంటే కనీసం పదింటిని ఎంచుకోండి. గొట్టంలాంటి సాంపుల్ కడ్డీని సంచి మూల నుంచి ఎదురు మూలకు గుచ్చి తీయండి. అన్నీ శుభ్రమైన ప్లాస్టిక్ పరదా మీద పోసి కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. కిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. దాన్ని రెండు అరకిలోలుగా చేసి ఒకటి ల్యాబుకు, ఒకటి సీలువేసి మీ దగ్గర. రంగు ఊడే డబ్బా, తుప్పు పట్టిన గరిటె వాడితే మీరే లోహం కలిపినట్టు.

మొదటిసారి కొనే గని సరుకుకు అన్ని పరీక్షలూ చేయించండి. తర్వాత ప్రతి లాటుకూ సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, ఫాస్ఫేట్ అయితే ఫ్లోరిన్ చాలు. డయాక్సిన్ పరీక్ష ఖర్చెక్కువ, దాన్ని సరఫరాదారు నుంచి అడగండి. ఖనిజ దినుసులకు యూరప్ హద్దు కిలోకు 0.75 నానోగ్రాములు. గని మారినా, అదే గనిలో కొత్త పొర తవ్వినా మళ్లీ మొదటికే.

పత్రాల్లో ఏం చూడాలి?

గని పేరు, లాటు నంబరు, తయారీ తేదీ, ‘దాణా రకం’ అన్న మాట, పరీక్ష పద్ధతి. నివేదికలోని లాటు నంబరు మీ సంచి మీది నంబరుతో కలవాలి. మూడేళ్ల కిందటి నివేదికను ప్రతి లోడుతోనూ పంపడం ఈ వ్యాపారంలో మామూలే. ‘డిటెక్ట్ కాలేదు’ అని ఉంటే ఆ ల్యాబు కనీసంగా ఎంత కొలవగలదో పక్కనే రాసి ఉండాలి. 20 పీపీఎం కన్నా తక్కువ కొలవలేని పద్ధతిలో ‘లేదు’ అనడానికి అర్థం లేదు.

కలిపే మనుషులకు ప్రమాదం ఉందా?

పశువు కన్నా ముందు ప్రమాదం వాళ్లకే. మెత్తటి స్ఫటిక సిలికా దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే సిలికోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తాయి. ముక్కుకు కట్టుకునే గుడ్డ ఆ దుమ్మును ఆపదు. అంచులు ముఖానికి అతుక్కునే ఎన్95 స్థాయి మాస్కు కావాలి. సంచిని ఎత్తు నుంచి కుమ్మరించకుండా నోరు మిక్సర్‌కు ఆనించి వంచండి. నేలను చీపురుతో పొడిగా ఊడ్చకండి, తడిపి తుడవండి లేదా వాక్యూమ్ వాడండి.

కొత్త సంచి విప్పాక పశువులు తేడాగా ఉన్నాయి. మొదట ఏం చేయాలి?

ఆ దాణా మొత్తం ఆపి, అంతకుముందు నుంచి పెడుతున్న గడ్డి, నీళ్లు ఇవ్వండి. ఉప్పు విషం అనిపిస్తే నీళ్లు పైన చెప్పినట్టు కొద్దికొద్దిగా. తొట్టిలో మిగిలినదాన్ని కడిగేయకండి, అదే సాక్ష్యం. సంచి, చీటీ, తొట్టి దాణా విడివిడి కవర్లలో పెట్టి తేదీ రాయండి. ఎన్నింటికి తేడా వచ్చింది, ఏ వయసువి, ఏ తొట్టిలోవి అని రాసుకుంటే డాక్టరుకు సగం పని అయినట్టే. చనిపోయినవాటి కాలేయం, మూత్రపిండం ముక్కలు పరీక్షకు పంపమని అడగండి. రాగి, కాడ్మియం అక్కడే తేలతాయి. పాలు, గుడ్లు ఫలితం వచ్చేదాకా అమ్మకుండా వేరుగా పెట్టండి.

దాచిన సాంపుల్ ఎన్నాళ్లు ఉంచాలి?

ఆ లాటు దాణా తిన్న ఆఖరి పశువు అమ్ముడై, పాలు లేదా గుడ్లు బజారు దాటేదాకా. ఫాస్ఫేట్ సాంపుల్‌ను కనీసం రెండేళ్లు. దూడ పళ్ల మీద మచ్చ బయటపడటానికి అంత సమయం పడుతుంది.